లోడు మీద గ్రీజు

మాబు సాహెబ్ ఎడమ ముందు చక్రం ఎదుట గొంతుక్కూర్చుని, ఒక అరచేతిని టైరు నెత్తిన, రెండో అరచేతిని టైరు అడుగున ఆనించాడు. లారీ ముందు ఇరుసు జాకీ మీద లేచి, రెండు సరుగుడు దిమ్మెల మీద నిలిచి ఉంది. చక్రం నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది. ఆయన పై చేతితో తోసి కింది చేతితో లాగాడు. లోపల ఎక్కడో టక్కుమని చిన్న చప్పుడైంది. మళ్ళీ తోసి లాగాడు. మళ్ళీ అదే చప్పుడు.

“తోమా, ఇంజను వేసి, గాలి నిండాక బ్రేకు తొక్కి పట్టు.”

ఆ లారీని పదకొండేళ్ళుగా నడుపుతున్న తోమా కేబిన్‌లోకి ఎక్కి, ఆయన చెప్పినట్టే చేశాడు. చక్రంలోని బేరింగు వదులైతే, బ్రేకు పట్టినప్పుడు ఆ చప్పుడు ఆగిపోవాలి. ఆగలేదు. మాబు సాహెబ్ లేచి నిలబడి, మోకాళ్ళు రెండూ రుద్దుకున్నాడు.

“బేరింగు కాదు. కింగ్ పిన్ను పోయింది.”

తోమా కిందికి దిగాడు. “పిన్ను పోవడమేంది సాయిబు గారూ. కమాను కట్ట విరిగింది, మీకు కనపడతానే ఉందిగా. కల్వర్టుకు గుద్దినప్పుడు పిన్ను కూడా వదులైపోయి ఉంటది.”

“గుద్దితే వంగుద్ది, విరుగుద్ది. గుద్దితే అరగదు.”

“వారం వారం నా చేత్తో నేనే గ్రీజు కొడుతున్నానండి.”

“కాదన్నానా?” అని మాబు సాహెబ్ చక్రం నట్లు విప్పే పానా అందుకున్నాడు.

పర్చూరు దాటాక చిలకలూరిపేట రోడ్డు వారగా ఉంటుంది మాబు సాహెబ్ మెకానిక్ షెడ్డు. ఎదురుగా కల్లాల్లో మిరపకాయలు ఎకరాల కొద్దీ ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఇద్దరూ దగ్గుతూనే పని చేశారు. చక్రం వచ్చింది. డ్రమ్ము వచ్చింది. దాని వెనక బ్రేకు పలక వచ్చింది. ఆఖరికి ఇరుసు కొస బయటపడింది. అక్కడ జానెడు ఉక్కు కడ్డీ ఒకటి కొద్దిగా లోపలికి వాలి, నిలువుగా నిలిచి ఉంటుంది. చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి, మడతబందు మీద తలుపు తిరిగినట్టు, దాని చుట్టూ తిరుగుతుంది. ఆ కడ్డీయే కింగ్ పిన్ను. దాన్ని కదలకుండా పట్టి ఉంచే అడ్డు శీలను మాబు సాహెబ్ ఊడగొట్టి, అడుగు నుంచి ఇత్తడి కడ్డీ ఆనించి నాలుగు దెబ్బలు కొట్టాడు. పిన్ను కదలలేదు.

“గ్యాసు పెట్టి కాల్చండి, వస్తది,” అన్నాడు తోమా. “శనివారానికి బండి కావాలి.”

“కాలిస్తే వస్తది. దాని మొహం మారిపోద్ది. నేను దాని మొహం చూడాలి.” ఆయన పిన్ను చుట్టూ డీజిలు పోసి, గుడ్డ చుట్టాడు. “రేపు పొద్దున దాకా నాననీ.”

తోమా చేతులు కడుక్కుంటుండగా లారీ యజమాని పేరయ్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“ఏరా తోమా, బండెంత దాకా వచ్చింది?”

“శనివారం మధ్యాహ్నానికి అయిపోద్దండి.”

“శనివారం సాయంత్రం ఓనర్లందరం మన గోడౌన్లో కూర్చుంటున్నాం. నువ్వొచ్చి ఆ కుర్రాడు నిద్రపోయిన మాట అందరి ముందూ ఒక్కసారి చెప్పు. కళ్ళారా చూసిన మనిషి చెబితే ఇంక అడిగేవాడుండడు. అక్కడే కోటేష్ గ్రూపులో పెట్టేస్తాడు.”

“అట్టాగేనండి.”

లారీ ఓనర్ల సంఘానికి ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. అందులో నూట నలభై మంది ఉన్నారు. ఏ డ్రైవరునైనా తప్పు కింద తేలిస్తే, సంఘం కార్యదర్శి కోటేష్ అతని లైసెన్సు ఫోటో అందులో పెట్టి, కింద ఒక్క మాట రాస్తాడు: తాగుడు, దొంగతనం, నిద్ర. ఆ ఫోటో పడ్డాక మార్టూరు నుంచి గుంటూరు దాకా ఆ మనిషి చేతికి ఎవరూ స్టీరింగు ఇవ్వరు. ఈ శనివారం పడబోయే ఫోటో, మూడు వారాల కింద తోమా లారీని కల్వర్టుకు గుద్దిన కుర్ర డ్రైవరు ప్రకాష్‌ది. కింద రాయబోయే మాట నిద్ర.

మర్నాడు తోమా షెడ్డుకు వచ్చేసరికి ప్రకాష్ భార్య శాంతి గేటు దగ్గర నిలబడి ఉంది. మిరప కోతకు పోతూ దారిలో ఆగింది. తలగుడ్డ, పాత చొక్కా, చేతులకు మోచేతుల దాకా గుడ్డ పీలికలు. ఆటోలో ఉన్న తక్కిన కూలీలు ఆమెను తొందరపెడుతున్నారు.

“మావయ్యా, ఒక్క మాట అడిగి పోతా.”

తోమా చూపు తిప్పుకున్నాడు. ఇద్దరివీ ఒకే వీధిలో ఇళ్ళు. ఆదివారం ఒకే మందిరంలో కూర్చుంటారు. మూడు వారాలుగా అతను ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూడకుండానే ఇంటికి పోతున్నాడు.

“ఆయన నిద్రపోతుంటే మీరు చూశారా?”

“తెల్లారగట్ల ఐదింటికి, తిన్నగా పోయి కల్వర్టుకి గుద్దాడమ్మా. నిద్ర గాకపోతే ఏంది?”

“అది కాదు నేనడిగేది. చూశారా అని. చూసుంటే చెప్పండి. నేనింక మిమ్మల్నే కాదు, ఎవర్నీ అడగను.”

“వాడేమంటున్నాడు?”

“మొదట్నుంచీ ఒకటే మాట. కల్వర్టు ముందు మలుపు తిప్పి చేతులు వదులు చేశాడంట. స్టీరింగు తిరిగి రాలేదంట. ఆస్పత్రిలో మీకూ అదే చెప్పాడుగా.”

“పదకొండేళ్ళు నాకొచ్చింది. వాడికెందుకు రాదు?”

శాంతి ఆ ప్రశ్నను కాసేపు నిజంగానే ఆలోచించింది. “నాకేం తెలుసు మావయ్యా. కాయలు కోసేదాన్ని,” అని ఆటో ఎక్కింది.

లోపల మాబు సాహెబ్ అప్పటికే ఇత్తడి కడ్డీ పట్టుకుని అడుగున పడుకుని ఉన్నాడు. పదిహేనో దెబ్బకు పిన్ను బొటనవేలి మందం పైకి లేచింది. తోమా పైనుంచి పట్టుకారుతో పట్టి తిప్పుతూ లాగాడు. కొంత వచ్చి బిగుసుకుంది. మళ్ళీ డీజిలు పోశారు. మళ్ళీ కొట్టారు. గంట సేపటికి అది కిర్రుమంటూ చేతిలోకి వచ్చింది. తోమా అలవాటు చొప్పున నడుముకున్న గుడ్డ తీశాడు.

“తుడవకు,” అన్నాడు మాబు సాహెబ్.

ఆయన దాన్ని రెండు చేతుల మీదా వెలుతురులోకి తెచ్చి, బల్ల మీద పరిచిన పాత పేపరు మీద పడుకోబెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ తరవాత బొటనవేలి గోరును పిన్ను మీద పైనుంచి కిందికి జార్చాడు. ఒకచోట గోరు ఆగింది.

“నువ్వు చూడు.”

తోమా తన గోరు జార్చాడు. నున్నని ఉక్కు మీద జారుతూ జారుతూ అది ఒక మెట్టు దిగినట్టు దిగింది. కంటికి కనపడని గుంట గోటికి దొరికింది.

“మిల్లీమీటరు పైనే,” అన్నాడు మాబు సాహెబ్. “ఇప్పుడు ఇటు తిప్పి చూడు.”

అరిగిన వైపు పిన్ను నల్లగా, అక్కడక్కడ నీలంగా మాడి ఉంది. ఇటుకపొడి లాంటి తుప్పు అంటుకుని ఉంది. ఆ వైపు తడి అనేదే లేదు. దానికి సరిగ్గా అవతలి వైపు మాత్రం గ్రీజు ఉంది. పొర మీద పొర ఉంది. పైన పచ్చగా, దాని కింద గోధుమ రంగులో, అన్నిటికన్నా అడుగున తారులాగా గట్టిపడి ఉంది. ఇంకొక విచిత్రం. పిన్ను కింది సగంలో లోపలి వైపు అరిగితే, పై సగంలో బయటి వైపు అరిగింది.

“బరువు చక్రం మీద పడినప్పుడు ఈ ఇనుప చెయ్యి పైన లోపలికి, కింద బయటికి ఒరుగుద్ది,” అని మాబు సాహెబ్ తన పిడికిలితో చేసి చూపించాడు. “అందుకే ఒరిపిడి పైన ఒక పక్క, కింద ఇంకో పక్క. అది ఏ బండికైనా ఉండేదే. గ్రీజెక్కడుందో చూడు. ఎక్కడ లేదో చూడు.”

తోమా చూస్తూనే ఉన్నాడు.

“నువ్వు గ్రీజు కొట్టావు, అబద్ధం కాదు. ఒక్క వారం కూడా మానలేదు. కానీ ఎప్పుడూ లోడు మీదే కొట్టావు.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? బండి బరువంతా ఈ మొహాన్ని చుట్టూ తొడిగిన ఇత్తడి బుష్షుకేసి అదిమి పట్టి ఉంటే, నువ్వెంత కొట్టినా గ్రీజు సందున్న వైపుకే పోద్ది. ఈ మొహానికి రాదు. ఖాళీ బండిని జాకీ ఎత్తి కొట్టావనుకో, చక్రం వేలాడుద్ది, పిన్ను వదులైద్ది, చుట్టూ తిరిగి వచ్చుద్ది.”

తోమా బల్ల అంచు పట్టుకున్నాడు. శనివారం సాయంత్రం లోడు. మిర్చి కాకపోతే పత్తి బేళ్ళు, అవీ కాకపోతే పొగాకు చెక్కులు. ఆదివారం యార్డుకు సెలవు, తనకు ఆరాధన. సోమవారం తెల్లవారుజామున ప్రయాణం. అందుకని లోడు ఎక్కించి, పట్టా బిగించి, అన్నిటికన్నా ఆఖరి పనిగా గ్రీజు కొట్టి, సున్నిపిండితో చేతులు తోముకుని ఇంటికి పోవడం అతని పద్ధతి. తెల్లచొక్కా వేసుకునే రోజున గోళ్ళలో నలుపు ఉండకూడదు. ఈ పిన్ను ఈ బండిలో ఆరేళ్ళుగా ఉంది. ఆరేళ్ళంటే మూడు వందల పైచిలుకు శనివారాలు. ఒక్కటీ తప్పిపోకుండా అన్నీ ఈ జానెడు ఇనుము మీద ఉన్నాయి. ఒక మనిషి తన జీవితంలో ఎవరికీ చెప్పని అలవాటును ఇంకొక మనిషి పేపరు మీద పడుకోబెట్టి చదవగలగడం తోమాకు భయం కలిగించింది. ఆ భయంలో అవమానం లేదు. తల వంచాలనిపించే భయం అది.

“ఆరేళ్ళ కింద వేసింది మీరేగా,” అన్నాడు మెల్లగా. “ఎత్తి కొట్టమని చెప్పలేదు.”

“చెప్పలేదు.” మాబు సాహెబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తెలుసనుకున్నా.”

పిన్ను కింద బరువును మోసే బిళ్ళ బేరింగు ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన వేలితో తిప్పబోయాడు. అది తిరగలేదు. లోపలి గుండ్లు తుప్పులో కూరుకుపోయి ఉన్నాయి.

“ఇది ఇట్టా పట్టేసి ఉంటే, మలుపు తిప్పాక స్టీరింగు దానంతటది వెనక్కి రాదు.”

పొద్దున గేటు దగ్గర విన్న మాట అదే. తోమా బేరింగును తనూ వేలితో తిప్పబోయాడు. “నాకు మొన్నమొన్నటి దాకా వచ్చేదిగదండీ.”

“వచ్చేదా, నువ్వు తెచ్చుకునేవాడివా?”

“వచ్చేది,” అన్నాడు తోమా.

మాబు సాహెబ్ బిళ్ళ బేరింగును పిన్ను పక్కన పేపరు మీద పెట్టాడు.

శుక్రవారం ఆయన నమాజుకు పోయి వచ్చాక ఆఖరి అమరిక మొదలైంది. కొత్త బుష్షులు, కొత్త పిన్నులు, కొత్త బిళ్ళ బేరింగులు, కమాను కట్టకు రెండు కొత్త పట్టీలు. బుష్షును అదిమేముందు దాని రంధ్రం గ్రీజు వచ్చే దారికి ఎదురుగా ఉందో లేదో చీపురుపుల్ల గుచ్చి చూశాడు. పైబుష్షులోంచి కిందిబుష్షు దాకా ఒకే తిన్నని గీతలో పోయేలా, రంధ్రాన్ని నున్నగా చెక్కే పొడుగాటి రీమర్ను దించి, దాన్ని ఎప్పుడూ ఒకే వైపుకు, ఎప్పుడూ ఒకే వేగంతో తిప్పాడు. వెంట్రుకల్లాంటి ఇత్తడి పొట్టు రాలింది. నాలుగు చుట్లకొకసారి ఆపి, తుడిచి, పిన్ను దూర్చి చూశాడు. చాలాసార్లు తల అడ్డంగా ఊపాడు. ఒకసారి మాత్రం పిన్ను పైన అరచేయి ఆనించి వదిలేస్తే, అది తన బరువుకు తానే, తొందర లేకుండా, నిట్టూర్పు లాంటి చప్పుడుతో కిందికి దిగింది.

“అదీ,” అన్నాడు.

ఇనుప చేతికీ ఇరుసుకూ మధ్య సందును సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితంతో కొలిచి, దానికి సరిపడే రేకు బిళ్ళ వేశాడు. ఇద్దరు మనుషులు గడ్డపలుగు వేసి తిప్పాల్సి వచ్చిన ఆ ఇనుప చెయ్యి ఇప్పుడు చిటికెన వేలితో తోస్తే తిరిగింది. తోమా అటూ ఇటూ ఐదారుసార్లు తిప్పాడు. మాబు సాహెబ్ కుడి చక్రానికీ అంతే చేశాడు. బండి ఇంకా జాకీ మీద ఉండగానే గ్రీజు గన్ను తోమా చేతికిచ్చాడు. నాలుగు పోట్లకు పిన్ను చుట్టూ, ఎక్కడా తెగకుండా, పచ్చటి గ్రీజు ఉంగరంలాగా పైకి వచ్చింది. తోమా గన్ను దించి దాని వైపే చూస్తూ నిలబడ్డాడు.

లారీని నేలకు దించాక మాబు సాహెబ్ బంపరు పక్కన ఒక కర్రను నేల మీద నిలబెట్టి, బంపరు అంచుకు సమానంగా కర్ర మీద సుద్దతో గీత గీశాడు.

“ఎక్కి, బండి కొంచెం కదులుతుండగా స్టీరింగు పూర్తిగా తిప్పి ఆపు. దిగొచ్చి గీత చూడు.”

“గీతలో ఏముంటది?”

“చూడు ముందు.”

తోమా తిప్పి, దిగి వచ్చాడు. కర్రను జరిపి ఆనించి చూస్తే, బంపరు గీతకు పైన ఉంది. ఎక్కువ కాదు, రెండు గోళ్ళ మందం. అతను నేల వైపు చూశాడు. నేల చదునుగానే ఉంది.

“పిన్ను వాలి ఉంటదిగా. అందుకని నువ్వు చక్రం తిప్పినప్పుడల్లా బండి ముందు భాగం ఆ కాస్త లేస్తది. నీ చేతులతో నువ్వే లేపుతున్నావు. చేతులు వదులు చేశావంటే లేచిన బరువు దిగాలని చూస్తది. దిగాలంటే చక్రం తిన్నగా కావాలి. అందుకే స్టీరింగు తిరిగి వచ్చుద్ది. దాన్ని తెచ్చేది డ్రైవరు కాదు, బరువు. అయితే పిన్ను తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే లేచింది లేచినట్టే ఉండిపోద్ది.”

తోమా లారీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ముప్పై రెండేళ్ళు లారీలు నడిపాడు. ప్రతి మలుపులోనూ, ఒంగోలులోనూ వినుకొండలోనూ గుంటూరు యార్డు గేటు దగ్గరా, తాను టన్నుల బరువును రెండు చేతులతో ఎత్తి దించుతూ వచ్చానని అతనికి తెలియదు. ఎవరో ఎక్కడో కూర్చుని ఒక పిన్నును ఇన్ని డిగ్రీలు వాలిస్తే చాలు, భూమే చక్రాన్ని తిన్నగా పెడుతుందని లెక్క కట్టి ఉంటారు. ఆ మనిషి పేరు కూడా తోమాకు తెలియదు. అతను సుద్ద గీతను వేలితో తుడిచాడు.

“రోడ్డెక్కిద్దాం పద,” అన్నాడు మాబు సాహెబ్.

పత్తి కట్టె పీకేసిన చేల మధ్య రోడ్డు తిన్నగా పోయి, పంట కాలువ దగ్గర ఎడమకు తిరుగుతుంది. తోమా మలుపు తిప్పాడు. మలుపు అయిపోగానే లారీ ఉన్నట్టుండి కుడి వైపుకు కోసుకుపోయింది. ఎదురుగా వస్తున్న మోటారు సైకిలువాడు మార్జినులోకి దిగి తిట్టాడు.

“ఎక్కువ తిప్పావు,” అన్నాడు మాబు సాహెబ్.

“నేను తిప్పలేదండి.”

రెండో మలుపు కుడికి. మలుపు అయ్యాక లారీ ఎడమ మార్జిను వైపు ఊగింది. మూడో మలుపుకు తోమా ముందే పళ్ళు బిగించి, ఈసారి ఏమీ చేయకూడదని అనుకున్నాడు. స్టీరింగు వెనక్కి రావడం అరచేతుల కింద అతనికి తెలిసింది. తెలిసినా అతని భుజాలు లాగాయి. అతను ఆపుతూనే ఉన్నాడు, అవి లాగుతూనే ఉన్నాయి. లారీ మళ్ళీ పక్కకు పోయింది.

అతను బండిని రోడ్డు వారగా ఆపి, ఇంజను కట్టేశాడు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూశాడు.

“బాగు చేసిన బండి కదండీ. పక్కకు లాగుతోందేంది?”

“బండి లాగడం లేదు. అది వస్తోంది, నువ్వూ లాగుతున్నావు. ఒకరు చేసే పని ఇద్దరు చేస్తున్నారు.”

రోడ్డు పక్క కల్లంలో ఆడవాళ్ళు మిరపకాయలను కాళ్ళతో తిరగేస్తున్న గలగల వినపడుతోంది.

“ఇవి ఎప్పుడు నేర్చుకున్నాయి సాయిబు గారూ?”

“రోజుకింత. పిన్ను రోజుకింత బిగుసుకుంటుంటే, అవి రోజుకింత లాగటం నేర్చుకున్నాయి. నీకు చెప్పలేదు.” మాబు సాహెబ్ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. “ఆ కుర్రాడు ఈ బండెక్కింది ఎన్నిసార్లు?”

“అదే మొదటిసారి.”

ఆయన తిరిగి, తోమా ఒడిలోని చేతుల వైపు చూశాడు.

శనివారం సాయంత్రం పేరయ్య గోడౌన్లో బస్తాలుగా కట్టిన మిర్చి టిక్కీల పక్కన ఏడుగురు ఓనర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఘాటుకు అందరూ తుండుగుడ్డలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. కోటేష్ ఫోనులో ప్రకాష్ లైసెన్సు ఫోటో సిద్ధంగా ఉంది. కింద మాట కూడా కొట్టి పెట్టాడు. పంపడమే తరువాయి. ప్రకాష్ బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఎడమ భుజానికి ఉన్న కట్టు రెండు రోజుల కిందటే విప్పారు.

“చెప్పరా తోమా,” అన్నాడు పేరయ్య.

తోమా సంచిలోంచి పేపరు పొట్లం తీసి, విప్పి, పాత పిన్నును పేరయ్య చేతిలో పెట్టాడు.

“గోరు పెట్టి జార్చండి.”

“ఏందిరా ఇది?”

“జార్చండయ్యా.”

పేరయ్య జార్చాడు. ఆయన గోరు ఆగింది. ఆయన కళ్ళు చిట్లించి, మళ్ళీ జార్చి, పక్కనున్న అతనికి ఇచ్చాడు. పిన్ను ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. అందరూ ఒకచోటే ఆగుతున్నారు. అది ఏడుగురినీ చుట్టి వచ్చేదాకా తోమా నిలబడి, గ్రీజు సంగతి, బేరింగు సంగతి, బరువు సంగతి మాబు సాహెబ్ చెప్పిన వరసలోనే చెప్పాడు. తన భుజాల సంగతి కూడా చెప్పాడు.

“అయితే వాడు నిద్రపోలేదంటావా?” అన్నాడు కోటేష్.

“ఆ రోజు బండిలో నిద్రపోయింది నేనొక్కణ్ణేనండి. సీటు వెనక బల్ల మీద. గుద్దుకున్నాకే లేచా. నేనేమీ చూళ్ళేదు.”

పేరయ్య ముఖం ఎర్రబడింది. “చూశానని నాతో చెప్పావుగా?”

“చెప్పానండి.”

“ఎందుకు చెప్పావు?”

తోమా ఆలోచించాడు. “బండిలో లోపం ఉంటదని నాకు తోచలేదు. ఇంక మిగిలింది వాడే.”

“పదకొండేళ్ళు గ్రీజు కొట్టింది నువ్వు. బండి పాడైంది నీవల్ల. అరవై టిక్కీలు కాలవలో పోయింది నీవల్ల.” పేరయ్య గొంతు పెంచలేదు. “మరి నీ ఫోటో పెట్టమంటావా?”

“పెట్టమంటే పెట్టండి. కింద మాత్రం నిద్ర అని రాయొద్దు. గ్రీజు లోడు మీద కొట్టాడు, బండి ఎత్తి కొట్టాలి అని రాయండి. తక్కిన డ్రైవర్లకు పనికొస్తది.”

ఒక మూలనున్న ఓనరు ఫోను తీసి, చెవికి ఆనించి, గోడ వైపు తిరిగాడు. “ఒరేయ్ ఆదెయ్యా, మన బండికి గ్రీజెప్పుడు కొడుతున్నావురా? లోడు దించాకా, ఎక్కించాకా?” అవతలి జవాబు విని, ఫోను దించి కూర్చున్నాడు. ఆయన ముఖం చూసి ఇంకొకాయన ఫోను తీశాడు. అతని పక్కవాడూ తీశాడు. కాసేపటికి నలుగురు నాలుగు గోడలకు తిరిగి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. నలుగురికీ వస్తున్న జవాబు కూడా ఒకటేనని వాళ్ళ వీపులు చూస్తేనే తెలుస్తోంది.

కోటేష్ పేరయ్య వైపు చూశాడు. పేరయ్య పిన్నును ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. బొటనవేలు ఆ గుంటలోనే ఉంది.

“ఆ ఫోటో తీసెయ్,” అన్నాడు. “తోమా చెప్పిందే పెట్టు. ఫోటో లేకుండా.”

తోమా బయటికి వచ్చేసరికి ప్రకాష్ లేచి నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది; అంతా విన్నాడు.

“మూడు వారాలు, బాబాయ్. ఒక్కసారి ఇంటికొచ్చి అడగలేదు.”

“అడగలేదురా.”

“మందిరంలో కూడా మొహం తిప్పుకుని పోయావు.”

“పోయాను.”

ఇంకేదైనా అంటాడేమోనని ప్రకాష్ చూశాడు. తోమా జేబులోంచి తాళం తీసి చెయ్యి చాపాడు. ప్రకాష్ దాన్ని వెంటనే తీసుకోలేదు. గోడౌను ముందు నిలిపి ఉన్న లారీ వైపు, దాని ఎడమ చక్రం వైపు చూశాడు.

“ఇప్పుడు తిరిగొస్తోందా?”

“వస్తోందంటున్నాడు సాయిబు. నా చేతుల్లో నాకు తెలియడం లేదు. నువ్వు చూసి చెప్పు.”

ప్రకాష్ తాళం తీసుకుని ఎక్కాడు. తోమా చుట్టూ తిరిగి వెళ్ళి, ఎడమ పక్క క్లీనరు సీట్లో కూర్చున్నాడు. ఖాళీ లారీ ఆవరణలో మెల్లగా కదిలింది. గేటు దగ్గర ప్రకాష్ నొప్పి భుజాన్ని కాస్త కాపాడుకుంటూ స్టీరింగును కుడికి పూర్తిగా తిప్పి, రోడ్డెక్కగానే వేళ్ళు విప్పాడు. నల్లటి పెద్ద చక్రం అతని తెరిచిన అరచేతుల మధ్య తనంతట తానే వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడకుండా, ఎక్కడా ఆగకుండా తిరిగి, తిన్నగా వచ్చి నిలిచింది. లారీ రోడ్డు మధ్యన సూటిగా ముందుకు పోయింది. ప్రకాష్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

అతను ఏదో చెప్పబోయి పక్కకు చూశాడు. స్టీరింగు లేని సీట్లో కూర్చున్న తోమా రెండు పిడికిళ్ళూ బిగించి, పళ్ళు కరిచి, భుజాలను కుడి నుంచి ఎడమకు లాగుతున్నాడు.

“వదిలెయ్ బాబాయ్,” అన్నాడు ప్రకాష్. “వచ్చేసింది.”